వందనాల అయివారు

అమ్మ పదమూడో రోజు అయిపోయి, చుట్టాలంతా ఎవరి బస్సు వాళ్ళు ఎక్కేశాక, తమ్ముడు ఆమె రేకుపెట్టె తెచ్చి నా ముందు పెట్టాడు. "నువ్వే సూడక్కా, నాకు చేతకాదు" అని వాకిట్లోకి వెళ్ళిపోయాడు. మూత తీయగానే వట్టివేళ్ళ వాసన, దాని వెనకే కర్పూరం వాసన, ఆ రెంటి అడుగున పాత పట్టుచీర వాసన వచ్చాయి. ఆ మూడూ కలిస్తే మా అమ్మ. పెట్టె అడుగున పరిచిన వార్తాపత్రిక పసుపు రంగుకు తిరిగి, ముట్టుకుంటే పెచ్చులు రాలుతోంది. దాని కింద నాలుగు మడతల కాగితం ఒకటి కనిపించింది. సగం విప్పేసరికి నాయన గుండ్రటి చేతిరాత, పైన 'వందన సమర్పణ' అన్న శీర్షిక, చివరి వాక్యం మీద అడ్డంగా ఎర్రసిరా గీత. అదేమిటో నాకు వెంటనే తెలిసిపోయింది. ఇన్నేళ్ళూ పోయిందనుకున్న కాగితం. ఇంకా విప్పడానికి మనసు రాలేదు. అలాగే మడిచి చేతిసంచిలో పెట్టుకున్నాను.

మా నాయన తెలుగు పండితుడు. తిరుపతి నుంచి చిత్తూరు పోయే దారిలో, బస్సులు టీ కోసం ఆగే ఒక చిన్న ఊళ్ళో ఆడపిల్లల హైస్కూల్లో పనిచేసేవాడు. కానీ ఊరంతా ఆయన్ని 'వందనాల అయివారు' అనేది. బ్యాంకు ప్రారంభోత్సవమైనా, గ్రంథాలయ వార్షికోత్సవమైనా, పశువుల ఆసుపత్రికి కొత్త గది కట్టినా, సభ చివర వందన సమర్పణ మా నాయనదే. నిజానికి ఆ పని ఎవరికీ అక్కర్లేదు. అప్పటికి పెద్దలు కారెక్కుతుంటారు, జనం కండువాలు దులుపుకుని లేస్తుంటారు, షామియానా వాళ్ళు తాళ్ళు విప్పడం మొదలుపెట్టి ఉంటారు. ఆ గోలలో నిలబడి మా నాయన ఒక్కొక్కరి పేరూ చెప్పి వందనాలు చెప్పేవాడు. గుంజలు పాతిన మునస్వామికి, సోడాలు మోసిన ఖాదర్‌కు, తెల్లవారకముందే వచ్చి ఊడ్చిపోయిన వాళ్ళకు. ఆ పేర్లు పొద్దుటి నుంచే తిరిగి అడిగి తెలుసుకునేవాడు. ఎందుకు నాయనా ఈ శ్రమ అని ఒకసారి అడిగితే, గడ్డం గీసుకుంటూ అద్దంలోంచే చెప్పాడు. "మొదుట మాట్లాడేవోడి మాట ఊరంతా ఇంటాది మ్మా. కడాన మాట్లాడేవోడి మాట పనిచేసినోళ్ళు ఇంటారు. నాకు వాళ్ళు చాలు."

ఇంట్లోనూ ఆ అలవాటు పోలేదు. భోజనం చివర మజ్జిగన్నం తిని చెయ్యి కడుక్కోబోయే ముందు వంటింటి వైపు తిరిగి, సభలో లాగే గొంతు సవరించుకుని, "ఈ మిరియాల చారుకు కారకులైన వారికి వందనాలు" అనేవాడు. అమ్మ వెనక్కి తిరక్కుండానే గిన్నెలు సర్దుకునేది. ఎప్పుడైనా విసుగొస్తే, వందనాలతో పొయ్యి మండదు, కట్టెలు కొట్టి పోండి అనేది. నేను, తమ్ముడు పడీ పడీ నవ్వేవాళ్ళం. ఆ నవ్వులు, పొగ, పొయ్యి పక్కన ఆరేసిన నాయన పంచె నుంచి వచ్చే గంజి వాసన ఇప్పటికీ కొన్ని మధ్యాహ్నాలు కళ్ళు మూసుకుంటే నా దగ్గరకొస్తాయి. ఏది ముందు ఏది వెనక అన్నది మాత్రం చెప్పలేను.

అమ్మ మూడో తరగతితో ఆపేసింది. వాళ్ళ పల్లెలో ఆ పైన ఆడపిల్లలకు బడి లేదు. రాయడం రాదని కాదు. మా అమ్మమ్మకు నాయన ఉత్తరం రాస్తే, అడుగున మిగిలిన చోట అమ్మ పెన్సిలుతో ఒక్క వాక్యం రాసేది. పెద్ద పెద్ద అక్షరాలు, ఎడమ నుంచి కుడికి పోతూ పోతూ పైకెక్కేవి. మీ అమ్మ రాత కొండ మెట్లెక్కుతోంది అని నాయన ఏడిపించేవాడు. ఆ ఒక్క వాక్యం రాయడానికి ఆమె పొయ్యి మీద పప్పు దించి, చెయ్యి కడుక్కుని, పీట వేసుకుని కూర్చునేది. నాయన మతిమరుపు మనిషి కనుక, సభలున్న రోజు ఆయన చొక్కాజేబులో కళ్ళజోడు, కాగితం మడిచి పెట్టడం కూడా ఆమె పనే.

మా బడి నేల చెంగమ్మది. ఆమె మా ఊళ్ళో మజ్జిగ, కరివేపాకు అమ్ముకునే ముసలామె. మొగుడు పోయిన ఏడాది మరుదులు ఏదో కాగితం తెచ్చి వేలిముద్ర వేయించుకుంటే, సగం భూమి వాళ్ళ పేరు మీదికి పోయిందట. మిగిలిన మామిడితోపును ఆడపిల్లల బడికి ఇచ్చేసింది. అప్పుడు నాకు ఐదేళ్ళుంటాయేమో. దస్తావేజు పట్టుకుని మా ఇంటికే వచ్చింది, అయివారితో చదివించుకుందామని. నాయన ఇంట్లో లేడు. "నువ్వే సదువు బిడ్డా" అని అమ్మ చేతికిచ్చింది. "ఆ పొద్దు ఏం రాసుండాదో తెలీక ఏలిముద్ర ఏసినా. సగం భూమి పాయ. ఈ తూరి సదివించుకొని ఏస్తా." అమ్మ తిన్నె మీద కూర్చుని వేలు పెట్టుకుని ఒక్కొక్క మాటా కూడబలుక్కుంటూ చదివింది. పొద్దు వాలేదాకా పట్టింది. చెంగమ్మ కరివేపాకు రెబ్బలు దూస్తూ వింటూనే ఉంది. మా అమ్మను చదివి పెట్టమని అడిగిన మొదటి మనిషి ఆమేనని తరువాత చాలా ఏళ్ళకు అమ్మే ఎప్పుడో చెప్పింది. ఊళ్ళో అందరూ దాన్ని చెంగమ్మ బడి అనే అనేవాళ్ళు. గేటు మీద రేకుకు సున్నంతో ఆ పేరే రాసి ఉండేది.

నేను పదో తరగతిలో ఉండగా ఆ రేకు దించేశారు. మంత్రిగారొకాయన బడికి రెండు గదులు కట్టించారు, కాబట్టి బడికి వాళ్ళ నాన్నగారి పేరు పెడుతున్నారని తెలిసింది. కొంతమంది పిల్లల తల్లిదండ్రులు ఒక అర్జీ రాసి సంతకాలు పెట్టుకుని వెళ్ళారు. సభ పండగలాంటిది, అక్కడ అర్జీలు, గొడవలు కూడదు, తరువాత చూద్దాం అని చెప్పి పంపేశారు. సభలో నినాదం వినిపించకూడదని, పిల్లల చేతుల్లో కాగితం ముక్క కనిపించకూడదని, మాట్లాడేవాళ్ళంతా ముందుగా రాసి చూపించి ఆ రాసినదే చదవాలని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. మా హెడ్‌మిస్ట్రెస్ చెడ్డ మనిషి కాదు. కాకపోతే రిటైర్మెంటుకు ఏడాది ఉంది, ఆమె భయం ఆమెది. చెంగమ్మతో మాత్రం ఈ సంగతి ఎవరూ చెప్పలేదు. సభ ఉందని తెలిసి, ఎప్పటిలాగే పిల్లలకు మజ్జిగ తేవాలా అని ఆమే వచ్చి అడిగింది.

మాకు మాత్రం నాలుగు రోజులు చదువు లేదు. మామిడిచెట్ల కింద చప్పట్ల సాధన. మా డ్రిల్లు టీచరు రోజమ్మగారు ఎప్పుడూ ఇస్త్రీ నలగని తెల్లచీరలో, మెడలో నల్లతాడుకు విజిల్ వేసుకుని ఉండేవారు. ఒక పొడుగు విజిల్ ఊదితే కొట్టాలి, రెండు పొట్టివి ఊదితే ఆపాలి. ఆమె విజిల్ లేకుండా మూడువందల మంది పిల్లల్లో ఒక్కరు కూడా చెయ్యి కదిలించకూడదు. ఎండలో కొట్టీ కొట్టీ మా అరచేతులు ఎర్రబడ్డాయి. నాలుగో రోజుకు మూడువందల జతల చేతులూ ఒక్కసారిగా మొదలై, కత్తితో కోసినట్టు ఒక్కసారిగా ఆగేవి. రోజమ్మగారు అప్పుడు మాత్రం కొంచెం నవ్వారు.

సభకు ముందురోజు సాయంత్రం నాయన తన కాగితం ఇంటికి తెచ్చాడు. నేను లాక్కుని చదివాను. చివరి వాక్యం 'ఈ బడికి నేలనిచ్చిన చెంగమ్మ గారికి వందనాలు' అని ఉంది. దాని మీద హెడ్‌మిస్ట్రెస్ ఎర్రగీత, పక్కన ఆమె పొట్టి సంతకం. నాయన తిన్నె మీద కాళ్ళు వేలాడేసుకుని ఎటో చూస్తూ కూర్చున్నాడు. ఊళ్ళో గుంజలు పాతినవాడిని కూడా వదలనివాడు, ఈ ఒక్క పేరు మింగి రావాలి. నాకు నాయన మీద జాలేసింది. కానీ దాచేదేముంది, జాలికంటే ఊరటే ఎక్కువ కలిగింది. గీత కొట్టేశారు కనుక ఇంక గొడవ లేదు. మూడు నెలల్లో నా పబ్లిక్ పరీక్షలు, స్నేహితురాళ్ళు, మా ఇల్లు, అన్నీ ఉన్నచోటే ఉంటాయి. అమ్మ కూడా అదే మాట అంది. "ఇదో, మిమ్మల్నే. రాసుండేది సదివి దిగేయండి. కాగితంలో ఉండేదానికంటే ఒక్క మాట ఎక్కువ వద్దు." నాయన తలూపాడు. ఆమె మాటను ఆయన ఎప్పుడూ దాటలేదు.

మర్నాడు ఇల్లంతా ఉరుకులు పరుగులు. నా రిబ్బన్లు దొరకలేదు, పెన్సిలు డబ్బాలో పెన్సిలు లేదు. చూస్తే వంటింట్లో చింతపండు జాడీ పక్కన ఉంది. చాకలికి వేసిన బట్టలు రాసుకోవడానికి తీసుకుందేమో అనుకుని అమ్మ మీద కసురుకున్నాను. ఆమె పెన్సిలు తెచ్చి నా డబ్బాలో పెట్టింది. గంజి పెట్టిన చొక్కా నాయనకు అందించి, జేబులో కళ్ళజోడు, కాగితం పెట్టి, పైనుంచి ఒకసారి తట్టింది. తాను సభకు రానంది. ఎప్పుడూ రాదు, కనుక ఎవరమూ బలవంతం చేయలేదు.

ఆ సభ నాకిప్పుడు ఎండలో నీళ్ళల్లోంచి చూసినట్టే గుర్తొస్తుంది. ఎర్రటి షామియానా కింద అందరి ముఖాలూ ఎర్రగా ఉన్నాయి. మామిడిపూత రాలి కుర్చీల మీద, మా జడల మీద పడుతోంది. మైకులో పాటలు, దండల్లోని మరువం వాసన, పెట్రోలు వాసన. చెంగమ్మ మజ్జిగకుండతో వచ్చింది గానీ, ఎవరో వాలంటీరు ఆమెను తాడుకు అవతల, చివరి మామిడిచెట్టు కింద కూర్చోమన్నాడు. ఆమె కుండ మీద తడిగుడ్డ కప్పి అక్కడే బుద్ధిగా కూర్చుంది. కొత్త బోర్డు మీద తెర తొలగించారు. పొడుగు విజిల్. చప్పట్లు. రెండు పొట్టి విజిళ్ళు. నిశ్శబ్దం. బోర్డు మీద ఏముందో చెంగమ్మ చదవలేదు. మెడ చాచి చూసి, రంగు బాగుందన్నట్టు తలాడించింది.

చివర నాయనను పిలిచారు. మంత్రిగారు వెళ్ళేదాకా ఎవరినీ లేవద్దన్నారు. నాయన మైకు ముందు నిలబడి, మామూలుగా జేబులోని కాగితం తీయనైనా తీయనివాడు, ఆ రోజు కాగితం చూసి వరసగా చదివాడు. మంత్రిగారికి, అధికారులకు, హెడ్‌మిస్ట్రెస్‌కు వందనాలు. గొంతులో ఎప్పటి పలుకు లేదు. ఎర్రగీత దగ్గరకొచ్చి ఆగాడు, గీత కొట్టిన వాక్యాన్ని వదిలేశాడు. హెడ్‌మిస్ట్రెస్ ఊపిరి పీల్చుకోవడం నేను చూశాను. నాయన కాగితం మడవబోయి ఆగాడు. దాన్ని తిప్పాడు. కళ్ళజోడు తీసి పంచెకొంగుతో తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. ఆ కాగితం వైపే చూస్తూ ఎంతసేపు నిలబడ్డాడో తెలియదు, మాకు చాలాసేపనిపించింది. ధైర్యం కూడగట్టుకుంటున్నాడనుకున్నాను. తరువాత తల ఎత్తి, తాడు అవతలికి చూస్తూ, తన అసలు గొంతుతో అన్నాడు.

"మనమంతా ఇప్పుడు కూర్చున్న ఈ నేల చెంగమ్మ గారిది. చదువు లేక సగం భూమి పోగొట్టుకుని, మిగిలింది మన ఆడపిల్లల చదువుకు ఇచ్చిన తల్లి. ఆమెకు ఈ బడి తరఫున వందనాలు."

విజిల్ మోగలేదు. ఎనిమిదో తరగతి వరసలో ఎవరో ఒక పిల్ల చప్పట్లు మొదలుపెట్టింది. తరువాత అందరమూ. నాలుగు రోజుల సాధన ఊరికే పోలేదు, మూడువందల మందిమి ఒకే తాళం మీద కొట్టాం. హెడ్‌మిస్ట్రెస్ రోజమ్మగారి వైపు చూసి ఆపమని చెయ్యి ఊపారు. రోజమ్మగారు విజిల్ పెదాల దాకా తెచ్చారు. మా వైపు చూశారు. అలాగే పట్టుకుని నిలబడ్డారు, ఊదలేదు. విజిల్ లేకుండా ఆపకూడదని నేర్పింది ఆమే కదా, మేము ఆపలేదు. మంత్రిగారు, పాపం, తనకే అనుకుని చిరునవ్వుతో తానూ చప్పట్లు కొట్టారు. పక్కనున్నాయన చెవిలో ఏదో చెప్పాక ఆ చేతులు మధ్యలో ఆగిపోయాయి. వేదిక మీద వాళ్ళు లేచి వెళ్ళేదాకా కొడుతూనే ఉన్నాం. ఒక్క నినాదం లేదు, ఒక్క కాగితం లేదు, పిల్లలం ఉత్తర్వులో ఏదీ మీరలేదు. చెట్టు కింద చెంగమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, పక్కనెవరినో, "నన్నేనా అంటా ఉండాడు అయివారు?" అని అడిగిందట.

నాయన ఆ సాయంత్రం ఇంటికొచ్చి చెప్పులు విడిచి, తిన్నగా వంటింటి గుమ్మం దగ్గరకెళ్ళి చేతులు జోడించి, "నీకూ వందనాలు" అన్నాడు. ఎప్పటి వేళాకోళమే అనుకున్నాను, ఇంకా భోజనమైనా కాకముందే ఈ వందనాలేమిటని నవ్వాను కూడా. అమ్మ పొగకు కళ్ళు తుడుచుకుంది.

వారానికల్లా విచారణకు ఒక అధికారి వచ్చాడు. రాసిచ్చినది కాక వేరేది ఎందుకు మాట్లాడావని అడిగాడు. "నా కాగితంలో ఉండేదే సదివినాను సార్" అన్నాడట నాయన. ఏదీ ఆ కాగితం అంటే, యాడో పోయిందన్నాడు. హెడ్‌మిస్ట్రెస్ తన దగ్గరున్న నకలు చూపించింది. అందులో ఆ వాక్యం కొట్టేసి ఉంది. పది రోజులకు కుప్పం అవతల, సగం అరవం సగం కన్నడం మాట్లాడే ఒక పల్లెకు బదిలీ కాగితం వచ్చింది. నేను ఏడ్చాను, అన్నం మానేశాను. మూటలు కట్టే రోజు నాయనను నిలదీశాను. ధైర్యంగా మాట్లాడినవాడివి, ఆ ధైర్యంతోనే నా మాటే అని ఒప్పుకోవచ్చు కదా, అబద్ధం ఎందుకు చెప్పావు, నేను చూశాను కదా ఆ వాక్యం కొట్టేసి ఉంది అన్నాను. నాయన సామాన్లకు తాడు బిగిస్తూ నా వైపు చూడకుండా, "కాగితంలో ఉండేదే సదివినాను అలివేలూ" అన్నాడు. అమ్మ అటు తిరిగి సంగటి కెలుకుతూ ఉంది.

ఆ అబద్ధం నాలో ముల్లులా ఉండిపోయింది. పెద్దయ్యాక పత్రికలకు రాయడం మొదలుపెట్టి, ఒక వ్యాసంలో ఆ సభ గురించి రాశాను. గొప్పగానే రాశాను. కానీ తెలివి ఎక్కువైన వయసు, చివర ఒక మాట చేర్చాను. 'మా నాయన పెద్ద నిజం చెప్పడానికి ధైర్యం చేశాడు గానీ, దాన్ని తనదని ఒప్పుకోకుండా తప్పించుకోవడానికి ఒక చిన్న అబద్ధం కావలసి వచ్చింది' అని. నాయన అది రెండుసార్లు చదివి, బాగుండాది మ్మా అని నవ్వి, పత్రిక అమ్మకిచ్చాడు. అమ్మ వేలు పెట్టుకుని చదివింది, చదివి మడిచి పక్కన పెట్టింది. నాయన పోయి ఇప్పటికి పన్నెండేళ్ళు.

పెట్టె తెరిచిన మూడో రోజున బస్సెక్కి ఆ ఊరు వెళ్ళాను. ఆటో పిల్లవాడికి కొత్త బోర్డు మీది పేరు చెబితే తెల్లమొహం వేశాడు. ఆడపిల్లల హైస్కూలు నాయనా అంటే, "అట్ట సెప్పండమ్మా, చెంగమ్మ బడి కాడికి" అన్నాడు. చెంగమ్మ ఎవరో తెలుసా అంటే తెలియదన్నాడు. బడి లోపల ఏదో సభకు ఏర్పాట్లు జరుగుతున్నాయి. గేటు నిండా ఫ్లెక్సీలు, మంత్రిగారి తండ్రి పేరు కూడా వాటి వెనకెక్కడో ఉండిపోయింది. ఇప్పుడు ఎవరెంతసేపు మాట్లాడాలో అంతా అచ్చువేసి ఉంది. చూశాను, వందన సమర్పణ లేదు, టైము చాలదని తీసేశారట. మా రోజుల్లో భయం ఎక్కువే, కానీ చివర్లో ఒక మనిషికి ఒక మైకు దొరికేది. ఇప్పుడు అందరి చేతుల్లోనూ ఫోన్లున్నాయి, ఏది మెరుగో నాకు తెలియదు. పాత తోపులో మిగిలిన ఒకే ఒక్క మామిడిచెట్టు కింద సిమెంటు అరుగు మీద కూర్చుని, సంచిలోంచి కాగితం తీసి పూర్తిగా విప్పాను.

ముందువైపు అంతా నాకు గుర్తున్నట్టే ఉంది. వెనక్కి తిప్పాను. అడుగున, పెన్సిలుతో, చెరిగిపోవడానికి సిద్ధంగా ఉన్న పెద్ద పెద్ద అక్షరాలు. ఎడమ నుంచి కుడికి పోతూ పోతూ పైకెక్కుతున్నాయి.

'చెంగమ్మకు వందనాలు చెప్పేది మరవద్దు. బదిలీ అయితే పోదాము.'

ఈ కాగితం చూపించి ఉంటే విచారణలో అమ్మ పేరు వచ్చేది. అందుకని మా నాయన పోయిందన్నాడు, ఆయన చెప్పిన అబద్ధం అదొక్కటే. కూతురు అచ్చులో వేసి అబద్ధాలకోరన్నా నవ్వి ఊరుకున్నాడు. అమ్మ నా వ్యాసం వేలు పెట్టుకుని చదువుతున్నప్పుడు నేను ఎదురుగానే కూర్చుని, బాగుందంటుందేమోనని ఆమె ముఖం చూస్తున్నాను. ఇద్దరికీ క్షమాపణ చెప్పుకోవడానికి ఇప్పుడు ఇద్దరూ లేరు. అచ్చులో చేసిన తప్పు అచ్చులోనే దిద్దుకోవాలి గనుక ఇదంతా రాశాను. మా నాయన కాగితంలో ఉన్నదే చదివాడు. రాసింది మా అమ్మ.